ఒంటిచేతి నమస్కారం

1983 ఫిబ్రవరి 15, మంగళవారం

ఇవాళ మంచం మీద లేచి కూర్చోనిచ్చారు. మా అమ్మాయి ఉష ఇంటినుంచి ఈ డైరీ తెచ్చి ఇచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, నాకు తోచదని దానికి తట్టింది. ముందుగా ఒకటి రాసి పెట్టుకుంటున్నాను. నాకేమీ కాలేదు. అందరూ కలిసి గోరంతలు కొండంతలు చేస్తున్నారు.

జరిగింది ఇంతే. ఆరో తారీకు ఆదివారం విజయశ్రీ గారింట్లో భోజనానికి వెళ్ళాం. గుత్తివంకాయ బ్రహ్మాండంగా కుదిరింది. మారు వడ్డించుకుని తిన్నాను. బయల్దేరుతూ ఆవిడకి నమస్కారం పెట్టాను. కామేశ్వరి నా వంక చూసి కెవ్వుమంది. నేను కుడి చెయ్యి ఒక్కటే ఎత్తానట. ఎడమ చెయ్యి లేవలేదట. "పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను, మా ఆయన ఒంటిచేత్తో నమస్కారం పెట్టే మనిషి కాదు" అని, కోటు కూడా తొడుక్కోనివ్వకుండా విజయశ్రీ గారి కారులో కుక్కింది. అక్కణ్ణించి తిన్నగా ఈ ఆసుపత్రికే.

భోజనం దగ్గర ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మనవాళ్ళం అన్నం తినేటప్పుడు ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. అది మర్యాద. ఫోర్కూ కత్తీ పట్టుకునేవాళ్ళయితే మొదటి ముక్క దగ్గరే బయటపడేదిట. డాక్టర్ హాల్వర్సన్ నవ్వుతూ అన్నాడు. నాకేం నవ్వు రాలేదు.

స్ట్రోక్ అంటున్నారు. చెయ్యి కాస్త అలిసిపోయింది, అంతే.

ఫిబ్రవరి 17

డొరతీ అని ఒకావిడ వచ్చింది. థెరపిస్టుట. కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంది. పాతికేళ్ళుగా డ్రాయింగులు గీసేవాణ్ణి, నన్ను గడియారం వెయ్యమంటుందా! వేసి ఇచ్చాను. పన్నెండు నుంచి ఆరు దాకా ఉంది, మిగతా సగం ఎక్కడుంది అని అడిగింది.

ఆవిడకి విమానాల పని తెలియదు పాపం. మా ఆఫీసులో రెక్కలు రెండైనా గీసేది ఒక్కటే. రెండోది "దీనికి ఎదురు" అని ఒక ముక్క రాసి వదిలేస్తాం. సగం గీస్తే మిగతా సగం ఉన్నట్టే లెక్క. అదే చెప్పాను. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది.

ఫిబ్రవరి 20

కామేశ్వరి ఇవాళ రాలేదు.

సాయంత్రం నర్సుతో ఆ మాటే అన్నాను. "అదేమిటి, మీ ఆవిడ పొద్దుటినుంచీ మీ పక్కనే కూర్చుని ఉందిగా" అంది. వీళ్ళ కళ్ళకి ఇండియన్లంతా ఒక్కలాగే ఉంటారు. ఎవర్ని చూసిందో ఏమో.

ఫిబ్రవరి 26

మా ఊరు బాతెల్‌కి, ఇంటికి వచ్చేశాను. విజయశ్రీ గారు డ్రైవ్ చేశారు. చేశారనే అంటున్నారు. ఇక్కడ నడిపేవాళ్ళది ఎడమ సీటు, నన్ను ముందు కుడి సీట్లో కూర్చోబెట్టారు. దారంతా వాన. కారు దానంతట అది పోతున్నట్టే ఉంది. "అన్నయ్యగారూ, నది చూడండి, నిండుగా ఉంది" అని గొంతు వినబడింది. నాకు నదీ కనబడలేదు, ఆవిడా కనబడలేదు. వానకి అద్దాలు మసకేసి ఉంటాయి.

చేతికర్ర ఇచ్చారు. నడక బాగానే ఉంది. గుమ్మాలే మునుపటికంటే ఇరుకయ్యాయి, ఎడమ భుజం ఊరికే కొట్టుకుంటోంది.

మార్చి 2

కామేశ్వరి కాలీఫ్లవర్ తరుగుతూ నాకు పాఠం చెప్పింది. డాక్టరు ఆవిడకి బొమ్మ పెట్టి చెప్పాడుట. పువ్వు ఎత్తి నా కళ్ళ ముందు పెట్టింది.

"ఇది మీ బుర్ర అనుకోండి. నడిమికి రెండు చెక్కలు. ఎడమ చెక్కలో మాట ఉంటుందిట. మీకది చెక్కుచెదరలేదు, వింటూనే ఉన్నాంగా. వెనకాల ఇదిగో ఈ గుత్తి కంటిచూపు. అదీ బాగుంది. కింద ఈ చిన్న గుత్తి తూలకుండా నిలబెట్టేది. కాడ ఉంది చూశారూ, గుండే ఊపిరీ దీని చేతిలో ఉంటాయిట. దీని జోలికి పోలేదు, ఆ వేంకటేశ్వరుడి దయ. ముందున్న ఈ పెద్ద గుత్తి నిదానం, ఆలోచన. అది మీకు మొదట్నుంచీ కాస్త తక్కువే, స్ట్రోక్‌ని అని లాభం లేదు."

"మరి పోయిందేమిటి?"

"కుడి చెక్కలో, చెవికి పైన, కాస్త వెనగ్గా. ఇదిగో, ఈ గుత్తికి నెత్తురు అందలేదు. ఎడం పక్క ఏముందో కనిపెట్టుకుని ఉండే పని దీనిదిట. కన్ను చూస్తుందిట, ఇది పట్టించుకోదుట. అంచేత మీకు ఎడం పక్క లేనట్టే. లేదని కూడా తెలియదుట. అదీ దీని గుణమే."

"కుడి చెక్క ఎడం పక్కని చూసుకోవడమేమిటి? ఎవడు వేశాడీ డిజైను?"

"రోజూ దీపం పెడుతున్నాగా, ఆయన్నే అడగండి" అని ఆ గుత్తిని చాకుతో తెంపి గిన్నెలో వేసింది. నా కుడి చెయ్యి దానంతటది చెవి మీదకి పోయింది.

కథ బాగానే ఉంది. కానీ లేనిది లేదని నాకు తెలియకపోవడమేమిటి? నేనేమన్నా పిచ్చివాణ్ణా?

మార్చి 6

ఉప్పు తగ్గించమన్నారని ఆవకాయ మానేసింది. చెప్పి మానేస్తే సరిపోయేది. కంచం ముందు కూర్చుంటే ఘుమఘుమమని వాసన వస్తోంది. కంచంలో చూస్తే లేదు. తను తింటోందన్నమాట, నాకు కనబడకుండా!

"ఆవకాయ ఏదీ?" అన్నాను.

"మీ కంచంలోనే ఉంది. ఎడం పక్క. మెడ తిప్పండి."

"ఓసారి కంచం తిప్పితే నీ సొమ్మేం పోయింది?"

"తిప్పను. తిప్పొద్దని డొరతీ చెప్పింది. మీరే తిరగాలి."

చూశాను. లేదు. ఉందంటూ మొగుడితో ఆటలాడే ఆడదాన్ని నా జన్మలో చూడలేదు. కోపంతో చెయ్యి కడిగేసుకున్నాను.

మార్చి 13

కామేశ్వరి నన్ను తప్పించుకు తిరుగుతోంది. మాటలు వినబడతాయి, మనిషి కనబడదు. సోఫాలో నా పక్కన కూర్చోవడం మానేసింది. రాత్రిళ్ళు కూడా ఉష గదిలోకి పోయి పడుకుంటోంది కాబోలు. పొద్దున లేచి చూస్తే ఉండదు. రోగిష్టి మొగుడంటే విసుగొచ్చి ఉంటుంది. అనుకోకూడదు గాని అనుకుంటున్నాను.

మార్చి 16

కారు తాళం ఎప్పుడూ గుమ్మం పక్క మేకుకి ఉంటుంది. లేదు. అడిగితే దాచానని ధైర్యంగా ఒప్పుకుంది.

నాకిప్పుడు కావలసింది ఆ తాళం ఒక్కటే. అది చేతికొస్తే నేను ఆఫీసుకి వెళ్ళగలను. వెళ్తే నేను మామూలు మనిషినని అందరికీ తెలుస్తుంది. అమెరికాలో కారు నడపని మగవాడు ఇంట్లో సామానుతో సమానం.

"నా తాళం నాకివ్వకపోవడానికి నువ్వెవరు?" అన్నాను.

"మీ పెళ్ళాన్ని" అంది. ఎక్కణ్ణించి అందో తెలియలేదు.

మార్చి 20

ఉష ఈ డైరీ చూసింది. చదవలేదు, దానికి తెలుగు చదవడం రాదు. "డాడీ, వై ఆర్ యు రైటింగ్ లైక్ దిస్? లెఫ్ట్ సైడ్ అంతా ఎంప్టీ. హాఫ్ పేజే రాశావు" అంది.

ఎంప్టీ ఏమీ కాదు. పేజీ అంచునుంచి అంచుదాకా రాస్తున్నాను.

ఇంకో వార్త. కామేశ్వరి డ్రైవింగ్ నేర్చుకుంటోందిట, విజయశ్రీ గారి కారులో, చర్చి పార్కింగులో. పదిహేనేళ్ళు నేను నేర్పుతానంటే భయమని కొంగు నోట్లో కుక్కుకునేది. ఇప్పుడు నా తాళం దాచి తను నేర్చుకుంటోంది. భేష్.

మార్చి 26

ఈరోజు ఏమీ రాయను.

మార్చి 28

రాయాలి.

శనివారం కామేశ్వరి డ్రైవింగ్ పాఠానికి వెళ్ళింది. గరాజులో పనిముట్ల పెట్టెలో రెండో తాళం ఉందని నాకు గుర్తొచ్చింది. వీధి ఒక చుట్టు తిరిగి వచ్చి, కారు మళ్ళీ అక్కడే పెట్టి, వాళ్ళు రాగానే చెబుదామనుకున్నాను. గెలిచినట్టే ఉంది స్టీరింగ్ ముందు కూర్చుంటే.

వెనక్కి తీస్తున్నాను. ఎవరో కారు అద్దం బాదుతున్నారు. "డాడీ! స్టాప్! డాడీ!" అని ఉష గొంతు. కుడి పక్కకి చూశాను, లేదు. పైన అద్దంలో చూశాను, లేదు. ఇంట్లోంచి అరుస్తోందనుకుని పోనిచ్చాను. స్టీరింగ్ తిప్పాను. పెద్ద చప్పుడయి కారు ఆగిపోయింది. రోడ్డు అంచున ఉత్తరాల డబ్బా, ఆ మెయిల్‌బాక్సు కర్రకి గుద్దాను.

దిగి, కారు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాను. అప్పుడు కనబడింది. తడిగడ్డిలో కూర్చుని ఉంది. మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు. నా అద్దమే బాదుతూ కారుతో పాటు పరిగెత్తిందిట. నా ఎడమ చెవి పక్కన. నాకూ దానికీ మధ్య ఒక్క గాజుపలక. నేను తిప్పేసరికి పక్కకి దూకి పడింది.

"నువ్వు నన్ను చూశావు డాడీ" అంది. "నా ఫేస్ చూశావు. కానీ చూడలేదు."

అప్పటిదాకా ఎవరెన్ని చెప్పినా నాకెక్కలేదు. డాక్టరు చెప్పాడు, డొరతీ చెప్పింది, కాలీఫ్లవర్ పెట్టి కామేశ్వరి చెప్పింది. నా కూతురు మోచేతి మీద నెత్తురు చూశాక ఎక్కింది. మొదటిసారి భయం వేసింది. ఎడం పక్క ఇంకా ఏమేమున్నాయి? ఎవరెవరున్నారు?

కామేశ్వరి వచ్చి పిల్ల చెయ్యి కడిగి కట్టు కట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "తాళం ఇవ్వండి" అంది. ఇచ్చేశాను. ఇచ్చి, వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఉషే వచ్చి నా నడుము చుట్టూ చెయ్యి వేసింది.

ఆ మెయిల్‌బాక్సు కర్రకి రుణపడి ఉన్నాను. అది అడ్డం లేకపోతే రోడ్డు మీదకి పోయేవాణ్ణి. ఎడం పక్కనుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా నాకు లేనట్టే.

మార్చి 29

కామేశ్వరిని అడిగాను. "ఆసుపత్రిలో ఒకరోజు నువ్వు రాలేదనుకున్నాను. వచ్చావా?"

"రాని రోజు లేదు" అంది. "రోజూ మీ ఎడం పక్క కుర్చీలోనే ఉన్నాను. సోఫాలోనూ అక్కడే, మంచం మీదా అక్కడే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను పడుకునేది ఎటు పక్క?"

"కుడి పక్కకి రావచ్చుగా?"

"వస్తే మీకూ హాయే, నాకూ హాయే. కానీ అలవాటు పడితే మీరు ఇంక ఎటూ తిరగరుట. నా గొంతు ఎటునుంచి వస్తోందా అని వెతుక్కుంటూ మెడ తిప్పాలిట. అందుకని కూర్చున్నాను. మీరు నేను లేననుకుని ఉషతో నన్ను ఆడిపోసుకుంటుంటే వింటూ కూర్చున్నాను."

"ఏమని ఆడిపోసుకున్నాను?"

"ఎందుకులెండి."

ఎదుటి మనిషి తనని చూడడనీ తెలుసు, తిడతాడనీ తెలుసు. అయినా అక్కడే కూర్చుంది. ఇంతకాలం పక్కన ఉన్నది ఎలాంటి మనిషో నాకు తెలియలేదు. ఈ జబ్బు వచ్చి ఆ సంగతి చెప్పింది. కామేశ్వరీ, నీకు ఏమిచ్చుకోను?

ఏప్రిల్ 3

ఇవాళ ఇంకోటి తట్టి నాలో నేనే నవ్వుకున్నాను. డొరతీతో రెక్కల కబుర్లు చెప్పానా? మా ఆఫీసులో మేము గీసేది ఎడమ రెక్కే. వదిలేసేది కుడిది. నేను గడియారం కుడి సగం గీసి, ఎడమది వదిలి, సరిగ్గా తిరగేసి చేసి ఆఫీసు మీదకి నెట్టాను. అబద్ధమాడుతున్నానని నాకే తెలియలేదు. బుర్ర ఎంత గడుసుది!

ఏప్రిల్ 10

డొరతీ ఎర్ర టేపు చుట్ట ఇచ్చింది. చదివే కాగితానికీ తినే కంచానికీ ఎడమ అంచున అంటించుకోవాలి. ఎర్ర గీత కనబడేదాకా మెడ తిప్పాలి. కనబడ్డాక అక్కణ్ణించి మొదలుపెట్టాలి. తిప్పాననుకున్నాక ఇంకాస్త తిప్పాలి. అదొక్కటే మంత్రం. పోయిన గుత్తి మళ్ళీ మొలవదుట, పక్కవాటికి ఆ పని నేర్పుకోవాలిట.

ఉష ఈ డైరీకి కూడా అంటించింది. గుమ్మాలకి అంటించింది. ఫ్రిజ్‌కి అంటించింది. కామేశ్వరి పూజగదిలో అడ్డుపడకపోతే దేవుడికీ అంటించేది.

వెనక్కి తిప్పి ఫిబ్రవరి పేజీలు చూశాను. అక్షరాలన్నీ కుడి పక్క ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎడం పక్క తెల్లగా ఉంది.

ఏప్రిల్ 17

ఆవకాయ దొరికింది!

ఎర్ర గీత దాకా వెళ్ళాను, ఇంకాస్త వెళ్ళాను, ఉంది. ఉప్పు పోవాలని కడిగేసిన ముక్క. టెంక తప్ప రుచేమీ మిగల్లేదు. అయినా కళ్ళకద్దుకుని తిన్నాను. "రోజూ పెట్టాను, రోజూ తీశాను" అంది కామేశ్వరి. ఉష చప్పట్లు కొట్టింది. మామిడి టెంకకి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేనే అయివుంటాను.

ఏప్రిల్ 18

మళ్ళీ కనబడలేదు. రేపు చూద్దాం.

మే 8

కామేశ్వరి డ్రైవింగ్ టెస్టు ఫెయిలైంది. రెండు కార్ల మధ్య పార్క్ చెయ్యమంటే కాలిబాట ఎక్కించిందిట. నాకు లోలోపల సంతోషం కలిగింది. కలిగిందని రాస్తున్నాను, సిగ్గుగా ఉంది. ఆవిడ పాస్ అయితే నాకు తాళం తిరిగి రాదని ఎక్కడో ఇంకా ఉన్నట్టుంది.

భోజనాలయ్యాక విజయశ్రీ గారు వచ్చారు. గరాజులోంచి రెండు చెత్తడబ్బాలు దొర్లించి దూరదూరంగా పెట్టి, "ఇవే కార్లనుకో" అన్నారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాను. "ఇప్పుడు తిప్పు. పూర్తిగా. ఇప్పుడు విడు." డబ్బాలు పడలేదు. కామేశ్వరి కారులోంచి నాకేసి చూసి నవ్వింది. నేర్పడం నాకింకా చేతనవును. దేవుడు ఆ గుత్తి వదిలిపెట్టాడు.

మే 20

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. గడియారం వేశాను, పన్నెండూ ఉన్నాయి. తొమ్మిది కొంచెం సన్నబడింది. ఆఫీసుకి సగం రోజు వెళ్ళచ్చన్నాడు. గీసే పని కాదు, పక్కన ఒక మనిషిని పెట్టుకుని లెక్కలు సరిచూసే పని.

"డ్రైవింగ్?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. ఈ ఏడాది కాదు, బహుశా ఎప్పటికీ కాకపోవచ్చు అన్నాడు. అలిసిపోయినా, కంగారుపడినా ఎడం పక్క మళ్ళీ జారిపోతుందిట. ఆవకాయ రేపు దొరుకుతుంది, రోడ్డు మీద పిల్ల దొరకదు అని ఆయనకి తెలుగు వస్తే అనేవాడు.

రెండు నెలల క్రితమైతే బల్ల గుద్ది పోట్లాడేవాణ్ణి. ఇవాళ ఉష మోచెయ్యి గుర్తొచ్చింది. "సరే" అన్నాను. కామేశ్వరి నా ఎడమ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలిసింది. గట్టిగానే తెలిసింది.

మే 27

పాసైంది. లైసెన్సు మీద ఫోటోలో దొంగని పట్టుకున్నట్టు పెట్టింది మొహం. గుమ్మం పక్క మేకుకి తాళం నేనే తగిలించాను.

జూన్ 6, సోమవారం

ఇవాళ ఆఫీసు.

పొద్దున టిఫినయ్యాక బయల్దేరాం. నేను కుడి సీటు. పదిహేనేళ్ళు ఈ సీటు ఆవిడది. తలుపు వేసుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను. కారు కదిలింది. మళ్ళీ అదే. దానంతట అది పోతోంది. వైపర్లు కొట్టుకుంటున్నాయి, చెట్లు వెనక్కి పోతున్నాయి, నడిపేవాళ్ళు లేరు. ఫ్రీవే ఎక్కేటప్పుడు సీటు అంచు పట్టుకున్నాను. పెద్ద లారీ ఒకటి రొద చేసుకుంటూ ఎటునుంచో దాటిపోయింది.

"భయంగా ఉందా?" అని గొంతు వినబడింది. ఆ గొంతే కాస్త వణుకుతోంది.

ఈ కారులో ఎర్ర టేపు లేదు. అంటించడం అందరం మరిచిపోయాం. అయినా మెడ తిప్పాను. రేడియో కనబడింది. ఇంకాస్త తిప్పాను. గేరు కర్ర. ఇంకాస్త. స్టీరింగ్, దాన్ని ఊపిరి బిగబట్టి పట్టుకున్న రెండు చేతులు, గాజులు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. తిప్పాననుకున్నాక ఇంకాస్త తిప్పాలి. తిప్పాను. ఎర్రగా కనబడింది. బొట్టు. దాని కింద కామేశ్వరి.

కనుబొమలు ముడేసి, పెదవి కొరుక్కుంటూ, రోడ్డుని కళ్ళతో మింగేస్తోంది. చెంప మీద చెమట. చెవి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నాకు తెలియదు. ఈ నాలుగు నెలలూ ఈ మొహం ఇంత దగ్గర్లోనే ఉంది. నా పక్కనే ఉంది.

కుడి చెయ్యి ముందు లేచింది. ఆగమన్నాను. ఎడమ చెయ్యి ఒళ్ళోంచి మెల్లిగా వచ్చింది. మధ్యలో ఒకసారి దారి తప్పింది. వేలికి వేలు తగిలింది. రెండూ కలిశాయి. పెళ్ళాం వైపు తిరిగి, గుండె నిండా, నమస్కారం పెట్టాను.

ఆవిడ కుడి పక్క అద్దంకేసి ఓరగా చూసింది. నా చేతులు చూసింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఒక్క క్షణమే. మళ్ళీ రోడ్డుకేసి తిరిగి కసిరింది.

"చేతులు దించండి! అటు పక్క అద్దం కనబడట్లేదు నాకు."

దించాను. రెండూ దించాను.